వేసవి చెరువులో ఎర ఎంపిక: చేప శ్వాస, నీటి స్థితి ఆధారంగా గాలపు పద్ధతుల సవరణ

ఉపోద్ఘాతం

రోహిణి కార్తె ఎండలకు రోళ్లు పగులుతాయని తెలుగు నాట నానుడి. ఆ ఎండ నేలను, పైరును ఏ విధంగా బాధిస్తుందో వ్యవసాయ విద్యార్థులు మొదటి సంవత్సరం నుండే చదువుకుంటారు. అదే ఎండ చెరువు నీటిలో తెచ్చే మార్పులు పైకి కనబడవు. ఆ మార్పులను మొదట గుర్తించేవాడు తరచుగా గాలం వేసే వ్యక్తి. మాఘమాసంలో చక్కగా పనిచేసిన ఎరను వైశాఖంలో చేప ముట్టదు. పిండి ముద్ద తాకకుండానే కరిగిపోతుంది, బెండు గంటల తరబడి కదలదు. ఎర బాగాలేదని భావించి మరొకటి కొనుక్కోవడం పరిపాటి. వాస్తవానికి అనేక సందర్భాలలో మారినది చేప రుచి కాదు, చేప ఊపిరి పీల్చుకునే పరిస్థితి.

హైదరాబాదు తూర్పు ప్రాంతంలోని చంపాపేట్ నుండి కర్మన్‌ఘాట్ మీదుగా సాగర్ రహదారి పట్టి వెళ్లే వారికి ఈ విషయాన్ని పరిశీలించడానికి మూడు రకాల జలవనరులు ఒకే దారిలో లభిస్తాయి. చంపాపేట్‌కు సమీపాన ఉన్న సరూర్‌నగర్ చెరువు నివాస ప్రాంతాల నడుమ చిక్కుకున్న, లోతు తక్కువైన, పోషకాలు అధికంగా చేరే చెరువు. అదే దారిలో ముందుకు సాగితే వచ్చే ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు వర్షాధారంగా నిండి, వేసవిలో కుంచించుకుపోయే సాగునీటి చెరువు. దారి చివర 1967లో ఆనకట్ట నిర్మాణం పూర్తయిన నాగార్జున సాగర్ లోతైన జలాశయం. ఎండ ఈ మూడింటిపైనా ఒకే తీరున కాస్తుంది. నీటి స్పందన మాత్రం మూడు చోట్ల మూడు విధాలుగా ఉంటుంది. అందువల్ల ఎర ఎంపిక కూడా మూడు విధాలుగా ఉండవలసి వస్తుంది.

వేసవిలో తెల్లవారుజామున గాలం వేయాలని, ఎరను చల్లని అడుగు నీటికి దించాలని సాధారణంగా చెప్పే రెండు సలహాలున్నాయి. లోతైన, తేటనీటి జలాశయంలో వీటికి ఆధారం ఉంది. పచ్చబడిన ఊరచెరువులో ఈ రెండూ విఫలం కావడానికే ఎక్కువ అవకాశం ఉంది. కారణం తెలిసిన విస్తరణ శాస్త్రవేత్త గాలం వేసేవారికి మాత్రమే కాక, చేపల కుంట ఉన్న రైతుకు కూడా సకాలంలో సరైన సలహా ఇవ్వగలుగుతారు.

వేసవి నీటి స్వభావం

నీరు వేడెక్కిన కొద్దీ అందులో కరిగే ప్రాణవాయువు పరిమాణం తగ్గుతుంది. సముద్రమట్టం వద్ద 20 డిగ్రీల సెల్సియస్ మంచినీటిలో సంతృప్త స్థితిలో లీటరుకు సుమారు 9.1 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉంటుంది. 30 డిగ్రీల వద్ద అది సుమారు 7.6కు, 35 డిగ్రీల వద్ద సుమారు 7కు పడిపోతుంది. హైదరాబాదు సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉన్నందున ఈ విలువలు ఇక్కడ మరికొంత తక్కువగా ఉంటాయి.

చేప శీతల రక్త జీవి. నీటి ఉష్ణోగ్రతే దాని శరీర ఉష్ణోగ్రత. తట్టుకోగల పరిధిలో ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే దాని జీవక్రియ వేగం, ఆక్సిజన్ అవసరం దాదాపు రెట్టింపవుతాయి. అంటే 20 నుండి 30 డిగ్రీలకు చేరేసరికి నీరు ఇవ్వగలిగినది ఆరింట ఒక వంతు తగ్గుతుంది, చేప కోరేది రెండింతలవుతుంది. వేసవి సమస్య అంతా ఈ లెక్కలో ఇమిడి ఉంది. ఆకలి పెరుగుతుంది, కానీ తిన్నదానిని అరిగించుకోవడానికి కావలసిన ఆక్సిజన్ అందదు. అందుచేత వేసవి చేప ఆకలితో ఉండి కూడా ఎరను నిరాకరించవచ్చు.

రెండవ అంశం రోజులోని వేళ. పచ్చని నీటిలోని వృక్ష ప్లవకాలు పగలు కిరణజన్య సంయోగక్రియ ద్వారా ఆక్సిజన్ విడుదల చేస్తాయి. రాత్రి అవి కూడా చేపలతో, అడుగు బురదలోని సూక్ష్మజీవులతో పాటు ఆక్సిజన్‌ను వాడుకుంటాయి. ఫలితంగా ఇటువంటి చెరువులో కరిగిన ఆక్సిజన్ మధ్యాహ్నం మూడు గంటల ప్రాంతంలో గరిష్ఠ స్థాయికి, సూర్యోదయానికి కొంచెం ముందు కనిష్ఠ స్థాయికి చేరుతుంది. మనిషికి హాయిగా ఉండే తెల్లవారుజాము, పచ్చని చెరువులోని చేపకు అత్యంత గడ్డు సమయం.

మూడవది నీటి పొరలు. వేడి నీరు తేలికగా ఉండి పైన నిలుస్తుంది. ఉష్ణోగ్రత 30 డిగ్రీల పరిసరాలలో ఉన్నప్పుడు ఒక డిగ్రీ తేడాకు నీటి సాంద్రతలో వచ్చే మార్పు, 10 డిగ్రీల వద్ద వచ్చే మార్పుకు దాదాపు మూడు రెట్లు. అందువల్ల గాలి లేని మే నెల మధ్యాహ్నం రెండు మీటర్ల లోతు చెరువులో కూడా పై నీరు, అడుగు నీరు కలవకుండా విడిపోతాయి. పై పొరలో ఆక్సిజన్ పుష్కలంగా ఉన్నా అడుగున బురద దానిని హరిస్తూనే ఉంటుంది. రాత్రి పై పొర చల్లబడి, బరువెక్కి, కిందికి దిగి రెండింటినీ కలుపుతుంది. లోతు తక్కువ చెరువులో ఈ విడిపోవడం, కలవడం ప్రతిరోజూ జరిగే క్రియ. లోతైన జలాశయంలో పొరలు వారాల తరబడి నిలిచి ఉండగలవు.

నాల్గవది నీటిమట్టం. మే నెలలో హైదరాబాదు ప్రాంతంలో తొట్టి బాష్పీభవనం రోజుకు 10 మిల్లీమీటర్లకు చేరడం సాధారణం. దీనికి 0.7 గుణకం వర్తింపజేస్తే చెరువు ఉపరితలం నుండి రోజుకు 7 మిల్లీమీటర్లు, నెలకు సుమారు 21 సెంటీమీటర్ల నీరు ఆవిరవుతుందని అంచనా వేయవచ్చు. ఊట నష్టం దీనికి అదనం. మీటరు లోతు మాత్రమే మిగిలిన కుంటలో ఇది చిన్న విషయం కాదు. అంతే సంఖ్యలో ఉన్న చేపలు తక్కువ నీటిని, తక్కువ ఆక్సిజన్‌ను పంచుకోవలసి వస్తుంది.

చేపల శ్వాసలో రెండు తీరులు

మన చెరువులలోని చేపలను వేసవి దృష్టితో రెండు వర్గాలుగా విభజించుకోవచ్చు. మొదటి వర్గం మొప్పలపై మాత్రమే ఆధారపడేవి. బొచ్చె, రోహు, మృగాల వంటి పెంపకపు చేపలు, చెరువుల్లో సహజంగా ఉండే పరకలు ఈ కోవకు చెందుతాయి. నీటిలో ఆక్సిజన్ లీటరుకు 5 మిల్లీగ్రాములు, అంతకు మించి ఉన్నప్పుడు కార్పు చేపలు చురుకుగా మేస్తాయి. 3 మిల్లీగ్రాములకు తగ్గేసరికి మేత మందగిస్తుంది. ఇంకా తగ్గితే ఉపరితలానికి చేరి నోరు తెరచి గుటకలు వేస్తాయి.

రెండవ వర్గం నేరుగా గాలిని పీల్చగలిగేవి. తెలంగాణ రాష్ట్ర చేపగా గుర్తింపు పొందిన కొర్రమీను, మార్పు, ఇంగిలాయి ఇందులో ముఖ్యమైనవి. కొర్రమీనుకు మొప్పల పైభాగాన గాలి పీల్చుకునే ప్రత్యేక అర ఉంటుంది. అది తప్పనిసరిగా కొంతసేపటికొకసారి పైకి వచ్చి గాలి తీసుకోవాలి. నీటిలో ఆక్సిజన్ ఎంత పడిపోయినా దీని వేట పూర్తిగా ఆగదు.

కొర్రమీను, బొచ్చె ఒకే చెరువులో ఉన్నా వేసవిలో అవి రెండు వేర్వేరు ప్రపంచాలలో జీవిస్తాయి. దట్టంగా పరుచుకున్న గుర్రపుడెక్క కింద నీడ ఉంటుంది. అయితే వెలుతురు సోకని ఆ చోట ప్లవకాలు పెరగవు, గాలి తగలదు, కుళ్లిన ఆకులు ఆక్సిజన్‌ను హరిస్తాయి. కొర్రమీనుకు అది పొంచి ఉండే స్థావరం. బొచ్చెకు అది ఊపిరాడని చోటు. చేప నీడను వెదుకుతుందన్న మాట నిజమే అయినా, ఏ చేప ఏ నీడను వెదుకుతుందో తెలియకుండా ఎర వేసే చోటును నిర్ణయించలేము.

కొర్రమీనుకు వేసవి ఎర

కొర్రమీను మాటువేసి పట్టే చేప. కప్పలు, చిరుచేపలు, రొయ్యలు, నీటి పురుగులు దీని ఆహారం. సూర్యోదయానికి ముందూ వెనుకా, సంధ్యా సమయంలో ఇది గట్టు పక్కన, తుంగ, తామర మొక్కల అంచుల్లో తిరుగుతుంది. ఈ వేళల్లో నీటిపై తేలే కప్ప ఆకారపు కృత్రిమ ఎర అనువైనది. లోపల డొల్లగా, రబ్బరు వంటి మెత్తని పదార్థంతో చేసిన ఈ ఎరలో గాలపు ముళ్లు వీపు వైపుకు ఒదిగి ఉంటాయి. అందుచేత నాచులో, ఆకులలో చిక్కుకోదు. ఆకు మీద వేసి, మెల్లగా జార్చి, ఆకు అంచున నీటిలోకి దిగిన చోట కొన్ని క్షణాలు ఆపాలి. దాడి ఎక్కువగా ఆ విరామంలోనే జరుగుతుంది.

ఎండ ముదిరిన తరువాత ఇదే ఎరను అదే వేగంతో లాగితే చేప వెంబడించదు. అప్పుడు మూడు మార్పులు అవసరమవుతాయి. మొదటిది వేగం తగ్గించి, విరామాలు పెంచడం. రెండవది పరిమాణం తగ్గించడం. మూడవది ఉపరితలాన్ని వదిలి, నాచు సందుల్లోని ఖాళీలలో మెత్తని ప్లాస్టిక్ పురుగును నిలువుగా దించడం. చేప పైకి వచ్చి గాలి తీసుకున్న చోట నీటిపై చిన్న అలజడి కలుగుతుంది. దానిని గుర్తించి, ఎరను చేప మీద కాక, కొంచెం అవతల వేసి ఆ దారిన తేవడం ఉత్తమం.

రంగు విషయంలో నీటి తేటదనాన్ని బట్టి నడుచుకోవాలి. తేట నీటిలో వెండిరంగు రేకు ఎర మెరుపు దూరం నుండి కనబడుతుంది. వేసవిలో కుంగి, బురద కలిసిన నీటిలో ఆ మెరుపు పనికిరాదు. అక్కడ కింది నుండి చూసే చేపకు ఆకాశపు వెలుగుకు ఎదురుగా స్పష్టంగా కనబడే నలుపు లేదా ముదురు రంగు ఎర మేలు. నీటిలో ప్రకంపన కలిగించే తిరుగుడు రేకు కూడా ఉపయోగపడుతుంది.

బతికిన కప్పను ఎరగా గుచ్చే అలవాటు పల్లెల్లో ఉంది. వ్యవసాయ దృష్టితో దీనిని ప్రోత్సహించరాదు. కప్ప వరి మడిలో పురుగులను తిని రైతుకు ఉచితంగా సేవ చేసే జీవి. ఈ ఉపయోగాన్ని, వాటి సంఖ్య తరిగిపోవడాన్ని దృష్టిలో ఉంచుకొని భారత ప్రభుత్వం 1987లో కప్ప కాళ్ల ఎగుమతిని నిషేధించింది. వేసవి చివర మిగిలిన కొద్దిపాటి నీటి చుట్టూ చేరే కప్పలే తొలకరిలో సంతతిని పెంచేవి. కృత్రిమ కప్ప ఒకటి అనేక వేసవులు పనిచేస్తుంది. అది గాలానికీ, వరికీ కూడా లాభమే.

బొచ్చె, రోహు, మృగాలకు వేసవి ఎర

సాధారణ పరిస్థితుల్లో బొచ్చె పై నీటిలో జంతు ప్లవకాలను, రోహు మధ్య నీటిలో, మృగాల అడుగున మేస్తాయి. మిశ్రమ చేపల పెంపకానికి ఈ విభజనే ఆధారం. గాలం వేసేవారు కూడా దీనిని బట్టే బెండుకూ ఎరకూ మధ్య దూరాన్ని నిర్ణయిస్తారు. వేసవిలో ఈ విభజన సడలుతుంది. మధ్యాహ్నానికి అడుగు పొరలో ఆక్సిజన్ తరిగిపోయినప్పుడు మృగాల సైతం అడుగు వదిలి పైకి లేస్తుంది. అడుగున సీసం గుండుతో నిలిపిన ఎర ఖాళీ ఇంటి ముందు పెట్టిన భోజనం వంటిదే. లోతు తక్కువైన పచ్చని చెరువులో వేసవి ఎరను కిందికి దించడం కాదు, పైకి లేపడం అవసరం. రెండు మీటర్ల నీటిలో ఎరను ఉపరితలం నుండి అర మీటరు మొదలు మీటరు వరకు వేర్వేరు లోతుల్లో పరీక్షించి, చేప తాకిన లోతును స్థిరపరచుకోవాలి.

వేళ విషయంలో కూడా సవరణ కావాలి. పచ్చని చెరువులో సూర్యోదయం అయిన రెండు మూడు గంటలకు ఆక్సిజన్ కోలుకోవడం ఆరంభిస్తుంది. ఉదయం ఎనిమిది నుండి పది వరకు, మళ్లీ ఎండ వాలిన తరువాత చీకటి పడే వరకు ఉన్న సమయం కార్పు చేపలకు అనుకూలం. నీరు తేటగా, ప్లవకాలు తక్కువగా ఉన్న చెరువులో రాత్రి నష్టం స్వల్పం కాబట్టి తెల్లవారుజాము కూడా పనికివస్తుంది. ఈ తేడాను గుర్తించడానికి పరికరం అవసరం లేదు. మోచేతి వరకు చేయి నీటిలో ముంచి చూడాలి. అరచేయి స్పష్టంగా కనబడితే తెల్లవారుజాము గాలానికి అభ్యంతరం లేదు. మోచేయి మునగకముందే అరచేయి పచ్చదనంలో మాయమైతే ఎండెక్కే వరకు ఆగడం మంచిది.

ఎర తయారీలో మార్పులు ఇవి. చలికాలంలో ఉసిరికాయంత ముద్ద నిలుస్తుంది. వేసవి నీటిలో మెత్తని ముద్ద త్వరగా విడిపోతుంది. కనుక మైదా పాలు పెంచి గట్టిగా కలిపి, శనగగింజంత చిన్న ముద్దలు వాడాలి. జీర్ణానికి ఆక్సిజన్ చాలని చేప పెద్ద ముద్దను తప్పించుకొని చిన్నదానిని స్వీకరించే అవకాశం ఎక్కువ. వేడికి పిండి త్వరగా పులుస్తుంది. స్వల్పమైన పులుపు వాసన కార్పు చేపలను ఆకర్షించినా, బూజు పట్టిన వేరుశనగ చెక్కను, కుళ్లిన పిండిని వాడరాదు. ఏ పూటకు ఆ పూట కలుపుకొని, తడి గుడ్డ కప్పి నీడన ఉంచుకోవాలి.

వానపాములు వేసవిలో పొడి నేలను వదిలి లోతుకు వెళ్తాయి. పెరటి జాలారు పక్కన, తడి పెంటకుప్పల అడుగున, వర్మి కంపోస్టు మడుల్లో మాత్రమే దొరుకుతాయి. కంపోస్టులో పెంచే రకాలలో ఐసీనియా ఫెటిడా గుచ్చినప్పుడు ఘాటైన పసుపు ద్రవాన్ని వదులుతుంది. పెద్దదైన ఆఫ్రికా రకం యూడ్రిలస్ యూజీనియే ఎరగా అంతకంటే అనుకూలం. తడి గోనెపట్టాలో నీడన ఉంచకపోతే ఎరకు ముందే ఎండకు చస్తాయి.

జిలేబీ చేపగా పిలిచే తిలాపియాకు ఈ నియమాలు పూర్తిగా వర్తించవు. వేడిని ఇష్టపడే ఈ విదేశీ చేప ఆక్సిజన్ కొరతను కూడా కార్పుల కంటే బాగా ఓర్చుకుంటుంది. చిన్న ముల్లుకు వానపాము ముక్క గాని, పిండి గింజ గాని గుచ్చి గట్టు దగ్గరే వేసినా పగటిపూట పడుతుంది. పట్టిన తిలాపియాను బతికుండగా మరొక చెరువులో వదలడం ఎంతమాత్రం తగదు.

లోతైన జలాశయం: క్రాపీ గాలపు పాఠం

వేసవి గాలంపై నేడు యువకులకు చేరుతున్న సలహాలలో అధికభాగం అమెరికా చేపలను ఉద్దేశించినవి. అక్కడి క్రాపీ అనే చేప ఇందుకు మంచి ఉదాహరణ. టెక్సాస్ వంటి రాష్ట్రాలలో స్థిరపడిన తెలుగువారికి కూడా ఇది పరిచితమైన చేపే. లోతైన జలాశయాలలో వేసవి వచ్చేసరికి పైన వేడి పొర, కింద చల్లని పొర ఏర్పడి, ఆ రెంటి మధ్య ఉష్ణోగ్రత ఒక్కసారిగా పడిపోయే థర్మోక్లైన్ అనే సన్నని పొర నిలుస్తుంది. కింది చల్లని పొరలో ఆక్సిజన్ క్రమంగా అడుగంటుతుంది. క్రాపీలు ఆ పొరకు కొంచెం పైన, మునిగిన చెట్లు, పడవల రేవుల నీడలో గుంపులుగా నిలుస్తాయి. వసంతంలో తీరం పక్కన ఎరను లాగి పట్టేవారు వేసవిలో చిన్న జిగ్ లేదా చిరుచేపను ఆ లోతుకు నిలువుగా దించి, దాదాపు కదలకుండా ఉంచుతారు.

నాగార్జున సాగర్ వంటి లోతైన నీటిలో ఈ పద్ధతిలోని సూత్రం ఉపయోగపడుతుంది. ఎరను అడుగు వరకు దింపకుండా, చేప నిలిచే పొరను వెదికి అక్కడ ఆపడమే ఆ సూత్రం. సరూర్‌నగర్ చెరువులో గాని, మే నెలలో మీటరు లోతుకు చేరిన ఊర కుంటలో గాని అటువంటి నిలకడైన పొరే లేదు. అక్కడ సాయంత్రానికి ఏర్పడిన తేడా తెల్లవారేసరికి చెదిరిపోతుంది. నల్లరేగడికి చేసిన ఎరువు సిఫారసును చల్కా నేలకు యథాతథంగా చెప్పలేనట్లే, క్రాపీ సరస్సుకు చెప్పిన లోతును ఊరచెరువుకు చెప్పలేము. సిఫారసు వెనుక ఉన్న కారణాన్ని తీసుకొని, స్థానిక నీటికి అన్వయించుకోవాలి.

ఇబ్రహీంపట్నం చెరువు వంటి విశాలమైన, మధ్యస్థ లోతు గల నీటిలో గాలి ముఖ్యపాత్ర వహిస్తుంది. అలలు వచ్చి తాకే గట్టు వైపు నీరు చిలకబడి ఆక్సిజన్ చేరుతుంది, ప్లవకాలు కూడా అటే కొట్టుకువస్తాయి. గాలి ఉన్న రోజున కార్పు చేపల కోసం ఆ గట్టును ఎంచుకోవడం, గాలి లేని రోజున తూము లేదా నీరు చేరే కాలువ సమీపాన్ని ఎంచుకోవడం సముచితం.

ఎర నిరాకరణ: రైతుకు తొలి హెచ్చరిక

ఈ చర్చకు గాలాన్ని మించిన ప్రయోజనం ఉంది. మిషన్ కాకతీయ ద్వారా 2015 నుండి పూడిక తీసిన చెరువులలో, పొలాల్లో తవ్వుకున్న నీటి కుంటలలో నేడు చేపల పెంపకం విస్తరించింది. ఆ రైతు వేసే మేత కూడా ఒక రకంగా ఎరయే. నిన్నటి వరకు పది నిమిషాల్లో ఖాళీ అయిన మేత ఈ రోజు తేలుతూ మిగిలితే, చేపకు జబ్బు చేసిందని గాని, మేత నాసిరకమని గాని నిర్ణయించే ముందు నీటిని అనుమానించాలి. చేపలు మూకుమ్మడిగా చనిపోయే ముందు ఇచ్చే సంకేతాలలో మేత నిరాకరణ మొదటిది, ఉపరితలంపై గుటకలు వేయడం తరువాతది.

ఈ దశలో మేత పెంచడం, గాలం వేసేవారు చేపలను రప్పించడానికి పిండి, చెక్క గుమ్మరించడం అత్యంత ప్రమాదకరం. ఒక కిలో పిండి పదార్థం పూర్తిగా కుళ్లి ఆక్సీకరణ చెందడానికి సిద్ధాంతరీత్యా సుమారు 1.2 కిలోల ఆక్సిజన్ కావాలి. లీటరుకు 5 మిల్లీగ్రాముల చొప్పున చూస్తే ఒక ఘనపు మీటరు నీటిలో ఉన్నది 5 గ్రాములే. అంటే తినకుండా వదిలిన ఒక కిలో పిండి 240 ఘనపు మీటర్ల నీటిలోని ఆక్సిజన్‌కు సమానమైన భారాన్ని మోపుతుంది. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు, రెండు మీటర్ల లోతు గల నీటి కుంటలో ఉండేది 200 ఘనపు మీటర్లే. గాలి నుండి, ప్లవకాల నుండి తిరిగి చేరే ఆక్సిజన్ కొంత ఆదుకున్నా, గాలి ఆడని మేఘావృతమైన వేసవి రాత్రి ఆ ఆధారం కూడా బలహీనపడుతుంది. ఏడాది శ్రమ ఒక్క తెల్లవారుజామున తేలిపోవడానికి ఇంతకంటే పెద్ద కారణం అక్కరలేదు.

కుంట రైతుకు ఇచ్చే సలహా ఈ క్రమంలో ఉండాలి. మొదట మేతను ఆపించాలి. మోటారు ద్వారా నీటిని చిమ్ముతూ కుంటలోనే తిరిగి పడేటట్లు చేయించాలి. వీలైతే కొత్త నీరు పెట్టించి, అమ్మకానికి సిద్ధమైన చేపను కొంత తీయించి సంఖ్య తగ్గించాలి. మేత పునఃప్రారంభించినప్పుడు తెల్లవారుజామున కాక, సూర్యోదయమైన రెండు మూడు గంటలకు, తక్కువ మోతాదులో వేయించాలి.

గాలం వేసేవారు పాటించవలసిన జాగ్రత్తలు

• చెరువులలో చేపల హక్కు సాధారణంగా స్థానిక మత్స్య పారిశ్రామిక సహకార సంఘాలకు ఉంటుంది. సంఘం అనుమతి లేకుండా గాలం వేయరాదు.

• కార్పు చేపలు పైకి వచ్చి గుటకలు వేస్తున్నప్పుడు గాలం తీసివేయాలి. ఆ స్థితిలో పోరాడి అలసిన చేప తిరిగి వదిలినా బతికే అవకాశం తక్కువ.

• వదిలే చేపను తడి చేతులతో పట్టి, నీటిలోనే ముల్లు తీసి, ఆలస్యం లేకుండా వదలాలి. వేడెక్కిన గట్టు రాళ్లపై ఉంచరాదు.

• మురుగు చేరే నగర చెరువుల చేపను ఆహారంగా సిఫారసు చేయరాదు. అటువంటి నీటిలోని గాలం అనుభవం పరిశీలనకు మాత్రమే పరిమితం కావాలి.

• ఆ నీటిలో తెగిన గాలపు దారాన్ని, ప్లాస్టిక్ ఎరను గట్టున వదలరాదు. పక్షులు, పశువులు వాటిలో చిక్కుకుంటాయి.

వేసవి ఎర ఎంపిక: సంక్షిప్త మార్గదర్శిని

కొర్రమీను: తెల్లవారుజాము, సంధ్య వేళ. నాచు, తామర అంచులు. తేలే కృత్రిమ కప్ప. ఎండ వేళలో చిన్నదైన, నెమ్మదైన మెత్తని ఎర.

బొచ్చె: పచ్చని చెరువులో ఉదయం ఎనిమిది తరువాత, ఎండ వాలిన తరువాత. పై, మధ్య నీరు. గట్టిగా కలిపిన చిన్న పిండి ముద్ద.

రోహు, మృగాల: బొచ్చె వేళలే. అడుగు వదిలి మధ్య నీటిలో. పిండి ముద్ద లేదా వానపాము.

తిలాపియా: పగటి వేళ, గట్టు పక్క. చిన్న ముల్లు, వానపాము ముక్క.

లోతైన జలాశయం: థర్మోక్లైన్‌కు పైన. మునిగిన చెట్ల, రాళ్ల నీడలో నిలువుగా దించి దాదాపు కదలకుండా నిలిపిన చిన్న ఎర.

ముగింపు

జూన్ మొదటి పక్షంలో మృగశిర ప్రవేశంతో తెలంగాణ ఇళ్లలో చేపల కూర వండుకోవడం ఆచారం. ఆనాడు మార్కెట్లలో కొర్రమీనుకు గిరాకీ ఎక్కువ. వేసవి గాలానికి ముగింపు పలకవలసిన సమయం కూడా సరిగ్గా అదే. తొలకరి జల్లు పై నీటిని ఒక్కసారిగా చల్లబరచి అడుగు నీటితో కలుపుతుంది. ఆ రోజుల్లో బలహీనపడిన చెరువులో మేతను, ఎరను రెంటినీ ఆపడం మంచిది. కొత్త నీటితో పాటు కొర్రమీను సంతానోత్పత్తి కాలం మొదలవుతుంది. ఎర్రని పిల్లల గుంపు నీటిపై మెరుస్తుంటే తల్లిదండ్రులు రెండూ కింద కాపలా కాస్తాయి. ఆ గుంపు మీదుగా ఎరను లాగితే కాపలా చేప తప్పక దాడి చేస్తుంది. అది ఆకలితో కాదు, పిల్లలను కాపాడుకోవడానికి. దానిని పట్టుకుంటే కాపలా లేని పిల్లలు పరకల పాలవుతాయి.

వేసవిలో ఎర మార్చడమంటే రంగు, వాసన మార్చడం మాత్రమే కాదు. చేప ఏ విధంగా ఊపిరి తీసుకుంటుంది, ఆ వేళకు ఆ లోతులో దానికి కావలసిన ప్రాణవాయువు ఉన్నదా అనే రెండు ప్రశ్నలకు సమాధానం వెదకడం. ఆ సమాధానం దొరికితే ఎర ఏదో, దానిని ఎక్కడ, ఎప్పుడు వేయాలో సులువుగా తేలుతుంది. ఈ వేళ ఎర వేయకూడదని తేలిన సందర్భంలో ఆ నిర్ణయం ఒక చెరువు చేపలను, ఆ చేపలపై ఆధారపడిన కుటుంబాలను కాపాడగలదు. విస్తరణ శాస్త్రవేత్తలు, విద్యార్థులు వేసవి క్షేత్ర సందర్శనలలో పైరుతో పాటు చెరువు నీటిలో కూడా ఒకసారి మోచేయి ముంచి చూడటం అలవాటు చేసుకోవడం అభిలషణీయం.